ఉత్త పాతర మీద కట్టిన బర్రె

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం పొద్దున, బోరు గొట్టంలోకి నేను వదిలిన గులకరాయి నీళ్లలో పడలేదు. రోజూ ఐదు లెక్కపెట్టేలోపు ‘బుడుంగ్’మనేది. ఆ రోజు రాయి మీద రాయి పడ్డ పొడి చప్పుడు వచ్చింది, అంతే. ఇంకోటి వేశాను. అదే చప్పుడు. ఎందుకో నా కాళ్ల కింద నేల నాది కానట్టు అనిపించి, గొట్టం దగ్గరి నుంచి నాలుగడుగులు వెనక్కి వచ్చేశాను.

అది మోటరు తీసేసిన పాత బోరు. పక్కనే మా జేజినాయన, అంటే మా తాత, ఇంకా లోతుగా కొత్త బోరు వేయించి, అరటితోటకు నీళ్లు పెట్టేవాడు. కింద నీళ్లు ఎంత దూరం దిగినాయో తెలియడానికి రోజూ పొద్దున నాతో పాత బోరులో రాయి వేయించేవాడు. ఎంత లెక్కకు చప్పుడైందో చెప్పినందుకు బెల్లంముక్క ఇచ్చేవాడు.

మా ఊరు బెలుం గుహల వైపు. పైన జానెడో బారెడో మట్టి, దాని కింద నాపరాయి, ఆ రాతిలో గుల్లలు. గుల్లల నిండా నీళ్లుండేవి. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, జేజినాయనే చెప్పాడు. మా ఇంటి ముందర నేలలో జొన్నలు దాచే పాతర ఉండేది, మనిషి దిగేంత గొయ్యి. జొన్నలు తీసేశాక మమ్మల్ని దాని ఛాయలకు కూడా పోనిచ్చేవాడు కాదు. “నిండు పాతర మీద బండి పోవచ్చు. ఉత్త పాతర మీద కోడి కూడా నడవకూడదు పాపా” అనేవాడు. అంత తెలిసిన మనిషి.

మా చేనికీ పక్కింటి అక్క మడికీ మధ్య గట్టు మీద తుమ్మచెట్టు ఉండేది. దాని నీడన మా ఎద్దులూ, అక్క బర్రే కలిసి ఉండేవి. మొగుడు పోయాక ఆ బర్రె పాలతోనే ఆమె ఇద్దరు పిల్లలను సాకుతోంది. మా కొత్త బోరు పడిన నెలకే ఆమె బాయి ఎండిపోయింది. ఒకసారి వచ్చి, “పెద్దనాయనా, దినం మార్చి దినమన్నా మోటరు ఆపప్పా” అని అడిగింది. జేజినాయన నవ్వాడు. “ఆదివారం ఆదివారం ప్రార్థనకు పోతాండావు గదా, ఆ దేవుణ్ణే అడుగు నీళ్లు.” అక్కడున్న కూలీలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

రాయి పొడి చప్పుడు చేసిందని చెప్పగానే జేజినాయన లేచి తుమ్మచెట్టు దగ్గరికి నడిచాడు. చెట్టు చుట్టూ నేల గుండ్రంగా, వేలు దూరేంత బీటలిచ్చి ఉంది. మా కొత్త బోరు కాలవలో వచ్చిన నీళ్లు ఆ బీటలో పడి కనిపించకుండా పోతున్నాయి. కర్రతో నేలను రెండు సార్లు పొడిచాడు. ఉత్త పాతర మూత మీద కొట్టినట్టు మోగింది. ఆయన వెంటనే ఎద్దులను విప్పుకొని, దూరంగా వేపచెట్టు కింద కట్టి, మేత వేసి వచ్చాడు.

అంతలో అక్క బర్రెను తోలుకొచ్చి, ఎప్పటిలాగే తుమ్మచెట్టుకు కట్టింది. జేజినాయన చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన పంచె లాగి, “అక్కకు చెప్పు జేజినాయనా” అన్నాను.

“నోరు మూసుకో. చెప్తే రేపు ఊరంతా వచ్చి మోటరు ఆపమంటారు. గెలలేసిన తోట ఏమైపోవాల?” అని, నా నోట్లో పెద్ద బెల్లంగడ్డ పెట్టాడు. రోజూ ఇచ్చేదానికి రెండింతలుంది.

మధ్యాహ్నానికి నేల దిగబడింది. చెట్టుతో సహా, బర్రెతో సహా. రెండు నిలువుల గొయ్యి. బర్రె చావలేదు, కాళ్లు విరిగి, తల పైకెత్తి అరుస్తూ ఉంది. మోకులు తెచ్చారు గానీ అంచు పెళ్లలు పెళ్లలుగా రాలుతుంటే ఎవరూ దగ్గరికి పోలేకపోయారు. పొద్దు వాలేదాకా అరిచింది. అక్క పిల్లలు దాన్ని పేరు పెట్టి పిలుస్తానే ఉన్నారు. జేజినాయన నా నోట్లో ఇంకో బెల్లంముక్క పెట్టాడు.

“చూసి కట్టుకోవాల గదమ్మా” అన్నాడు జేజినాయన.

అక్క అప్పుడు తల తిప్పి, వేపచెట్టు కింద నెమరేస్తున్న మా ఎద్దులను చూసింది. “ఎప్పుడు విప్పినారు పాపా వీట్ని?” అని నన్ను అడిగింది. జేజినాయన నా వైపే చూస్తున్నాడు. “సేద్యానికి పోయొచ్చినాయక్కా” అన్నాను.

ఆమె పోయి, కాడి మోసే చోట ఎద్దు మెడ మీద చెయ్యి పెట్టింది. చెమట లేదు, ఆ రోజు కాడి ఎత్తిన గుర్తూ లేదు. నా దగ్గరికొచ్చి వంగి, “నోట్లో ఏముంది?” అంది.

“బెల్లం.”

“తియ్యగుందా?”

అక్క మరుసటి ఏడు పిల్లలతో ఆళ్లగడ్డకు కూలికి పోయింది. ఆమె మడిని జేజినాయనే గుత్తకు చేసుకున్నాడు. ఆయన నన్ను ఎంతో ముద్దుగా పెంచాడు. అది కూడా నిజమే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఇక్కడ నంద్యాలలో మా వీధిలో ఇంటికో బోరు. నిన్న సాయంత్రం మా ప్రహరీ గోడ పక్కన నేల గుండ్రంగా బీటలిచ్చి కనిపించింది. గోడకు అవతల, సరిగ్గా అక్కడే, పక్కింటి భాయ్ పగలంతా కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంటాడు. మా ఆయన బీటను చూశాడు. కాలితో తట్టి చూశాడు. తర్వాత బండిని అక్కడి నుంచి తీసి వీధి అవతల పెట్టాడు. “ఎవరితో అనొద్దు, మన బోరు మీదికొస్తారు” అని నెమ్మదిగానే చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలు పక్కనే ఉండి అంతా విన్నారు. రాత్రంతా నాకు నోరు తియ్యగానే ఉంది.

తెల్లారింది. భాయ్ మిషను బయటికి తెచ్చే వేళకు ముందే పిల్లలను లేపాను. “చెప్పులేసుకోండి, ఇద్దరూ నాతో రాండి. ఆయన్ను ఆడ కూర్చోవద్దని నేనే చెప్తా. ఎప్పుడు చూసినావమ్మా అని అడుగుతాడు. నిన్న సాయంత్రమే అని చెప్తా. నా నోట్లో నుంచి ఇంకో మాట వచ్చిందంటే, నా చెయ్యి గట్టిగా గిల్లండి” అన్నాను.