తూకం తగ్గిన సాక్ష్యం

ఒక మనిషిని కొట్టి చంపిన చప్పుడు ఏళ్ల తరబడి నా వీపు వెనక ఉంది. వీపు వెనక అని ఎందుకంటున్నానంటే, నేను తిరిగి చూడలేదు. ఆ చప్పుడు మీద నేనొక సాక్ష్యం కట్టుకున్నాను. ఐర్లండులో మన తెలుగు ప్రార్థనా కూటాల్లో దానికి మంచి గిరాకీ. ములింగార్‌లో మొదలుపెడితే క్లోనీకి పిలిచారు, అక్కడినుంచి కార్క్‌కి పిలిచారు. "ఆఫ్రికా బజారులో అల్లరిమూక చేతుల్లోంచి దేవుడు నన్ను తప్పించాడు" అంటాను. నర్సమ్మలు కళ్లు తుడుచుకుంటారు. ఆ తర్వాత భోజనాలు. నా సాక్ష్యం సాగినకొద్దీ బిర్యానీ చల్లారిపోతోందని ఒక పెద్దాయన విసుక్కున్నాడు తప్ప, ఆ కథలో ఒక మనిషి తక్కువయ్యాడని ఏ కూటంలోనూ ఎవరూ నన్ను నిలదీయలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పిరికితనంలో ఇదీ ఒక రకమే.

టాంజానియాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న మ్వాంజాలో, సబ్బుపొడి, పంచదార పంపిణీ చేసే ఒక డిపోకి నేను మేనేజర్ని. ఊరు కళ్లముందే పెరుగుతుండేది. కొత్త ఫోన్లు, కొత్త మోటార్‌సైకిళ్లు, అద్దాల దుకాణాలు. అయినా ఎక్కువమందికి ఏ రోజు కూలి ఆ రోజే చేతికి వచ్చేది. అందుకని సబ్బుపొడి కూడా ఏ రోజుకారోజే కొనేవారు. మేం బస్తాలు తెచ్చి, చిన్న పొట్లాలు కట్టి, కొవ్వొత్తి మంట మీద అంచులు అతికించి అమ్మేవాళ్లం. పొట్లం ఖరీదు ఒక నాణెం. ఇంతలో షిల్లింగు విలువ పడిపోయింది, దిగుమతి సరుకు ప్రియమైంది. నాణేన్ని పెద్దది చేయలేం కదా, పొట్లాన్ని చిన్నది చేద్దామన్నాను. ధర పెంచితే కంటికి కనబడుతుంది, తూకం తగ్గిస్తే చేతికి కూడా తెలియదని మీటింగులో వివరించాను. యజమాని మురిసిపోయాడు. పొట్లం తగ్గింది. నేను పెరిగాను. నా పొట్టా పెరిగింది.

పొట్లాలు కట్టేదీ, వ్యాను తోలేదీ, నాకు స్వాహిలి నేర్పేదీ బరాకా. నాకంటే పెద్దవాడు, నెమ్మదైన మనిషి. బాస్‌ని వాళ్లు 'బోసీ' అంటారు. అతను అలా పిలిచినప్పుడల్లా నా పళ్లన్నీ ఉన్నాయో లేదోనని నాలుకతో తడిమి చూసుకునేవాణ్ణి. మొదటి వారంలోనే అతను నాకొక మాట నేర్పి, దాన్ని ఎన్నడూ వాడొద్దన్నాడు. మ్విజీ. అంటే దొంగ. బజారులో ఆ మాట వినబడితే జనం పోలీసుల కోసం ఆగరు, రాళ్లు తీస్తారు అన్నాడు.

అంటే ఆ మాట ఏం చేస్తుందో నాకు ముందే తెలుసు. భాష రాక పొరబడ్డానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఆ రోజు ఎండుచేపలు అమ్మే ఒకావిడ తన తక్కెడలో ఒకవైపు మా పాత పొట్లాలూ, ఇంకోవైపు కొత్తవీ వేసి ఎత్తింది. పాతవైపు దిగిపోయింది. చూస్తుండగానే బజారంతా వ్యాను చుట్టూ మూగింది. అక్కడ పెద్ద ఆడవాళ్లను 'మామా' అంటారు. ఈ మామా నన్ను అల్లుడిలా చూడలేదు.

"మా పొడి ఎవడు మింగాడు?" అని అరిచింది.

"ఫ్యాక్టరీ నుంచే అలా వస్తోంది, మామా."

"ఫ్యాక్టరీకి పీక ఉందా పట్టుకోడానికి? నీకుంది."

నిజంగానే పట్టుకుంది. రాయి తగిలి వ్యాను అద్దం భళ్లున పగిలింది. ఎవడిదో పిడికిలి నా చెవి మీద పడింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఎవరో చేపల పెట్టె చెక్క ఊడబీకుతున్నారు. అప్పుడు బరాకా జనాన్ని తోసుకుంటూ వచ్చి, చేతులు చాపి నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"వదలండి మామా, బోసీకి మాట సరిగ్గా రాదు. పొట్లాలు కట్టేది నేను. నేను చెబుతా."

"నువ్వా కట్టేది? అయితే చెప్పు. తగ్గించమన్నది ఎవరు?"

అతను నావైపు తిరిగాడు. నేనే ఒప్పుకుంటానని ఆగాడు. ఆ ఆగడంలో కావలసినంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో నేను అన్నాను.

"వీడే! మ్విజీ!"

"బోసీ?" అన్నాడు బరాకా.

అంతే. చెక్క అతని మెడ మీద పడింది. మోకాళ్ల మీద కూలాడు. ఒకడు కాలితో ముఖం మీద తన్నాడు. పక్కనున్న ఇటుకల కుప్ప వైపు ఆడా మగా పరుగెత్తారు. వాళ్ల చేతులు నన్ను వదిలేశాయి. నేను వ్యాన్లోకి దూరాను. తాళాలు దానికే ఉన్నాయి, అతనే వదిలి దిగాడు. తడిబట్టను బండకేసి బాదుతున్నట్టు వెనక ఒకటే చప్పుడు. మధ్యలో ఒక కేక. ఆ తర్వాత కేక లేదు, చప్పుడు మాత్రం ఆగలేదు. నేను తోలుకుపోయాను.

పోలీసు స్టేషన్లోనూ అతను దొంగ అనే చెప్పాను. భయంలో నోరు జారింది అనుకుందామంటే, అక్కడ నాకు కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. టీ తాగి మరీ చెప్పాను. అతని భార్యకు అదే బజారులో టమాటాల బల్ల ఉండేది. దొంగ పెళ్లామని ఆ బల్ల విరగ్గొట్టి, దాని చెక్కలతోనే ఆమెను తరిమారట. పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయింది. నేనూ వెళ్లిపోయాను. నా భార్యకు ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నా వెళ్లిపోవడానికి వీసా ఉంది.

చెవి వెనక మచ్చేమిటని నా భార్య అడిగితే సగం చెప్పాను. ఆ సగం విని ఆమె కూటంలో ఏడ్చింది. పాస్టరుగారు నన్ను లేపి నిలబెట్టారు. అప్పుడే కూర్చుండిపోవచ్చు కదా? ఎందుకు కూర్చోలేదు? మెచ్చుకోలు రుచి అప్పటికే నాకు తెలుసు. దేవుడు తప్పించాడని చెప్పిన ప్రతిసారీ బరాకాను మళ్లీ ఆ గుంపులోకి తోశాను. అందరూ ఆమెన్ అన్నారు.

పోయిన నెల మా అమ్మాయికి బడిలో బిజినెస్ ప్రాజెక్టు ఇచ్చారు. తూర్పు ఆఫ్రికా దేశమొకటి తీసుకుని అక్కడి బజార్ల గురించి చెప్పాలి. ఇంట్లోనే నిపుణుడున్నాడని ఫోన్లో రికార్డింగు పెట్టి కూర్చుంది. రోజుకూలీ, చిన్న పొట్లాలు, పెరిగే ఊళ్లు అంటూ దంచాను. చివర్న అడిగింది.

"అండ్ ద డ్రైవర్, డాడ్? నీ టెస్టిమనీలో ఉంటాడు కదా. వాజ్ హి గ్రాండ్?" ఇక్కడి పిల్లల మాటల్లో గ్రాండ్ అంటే క్షేమం.

ఆ వ్యానుకు డ్రైవరున్నాడని అన్ని కూటాల్లోనూ విన్నది ఆమె ఒక్కతే.

"లేదమ్మా. చంపేశారు. అతన్ని నేను దొంగ అన్నానని చంపేశారు."

"వాజ్ హి?"

"కాదు."

"సో ఇట్ వాజ్ యు."

"అవును."

ఫోను తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయింది. అప్పటినుంచి కూటానికి మాతో రావడం లేదు. వాళ్లమ్మ కారణం అడుగుతోంది. ఆ కారణం కూతురి నోట వినేలోగా నేను చెప్పాలి. ఇల్లు నిలుస్తుందో లేదో తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమిస్తే నేను దాన్ని కూడా సాక్ష్యం చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. కానీ ఆ 'అవును' అన్నప్పుడు, ఇన్నాళ్లూ పైపైనే పీలుస్తున్న ఊపిరి ఒక్కసారి లోపలిదాకా వెళ్లింది. అందుకే మళ్లీ అంటున్నాను. బరాకా చిటికెడు పొడి కూడా తీయలేదు. తగ్గించమన్నది నేను. దొంగ అని అరిచి, నాకు అడ్డం నిలబడ్డ మనిషిని చంపించింది నేను.