పలుగురాయి కరగదు

జియాలజీలో పీజీ చేసి కడప జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చిన నాకు దొరికింది ఒక చిన్న టెస్టింగ్ కంపెనీలో ఉద్యోగం. మాదాపూర్ చుట్టుపక్కల కట్టే టవర్ల పునాది గోతుల్లోకి దిగి, అడుగున ఉన్న రాయి ఎలాంటిదో చూసి రాసివ్వాలి. హాస్టల్లో నా గదిలో ఉన్న మిగతా ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు. గుమ్మం దగ్గర నా బురద బూట్లు చూసి నవ్వేవాళ్లు.

నేను ఎక్కువ కాలం దిగిన గోతిలో డ్రిల్లింగ్ మిషన్ పట్టేది పాలమూరు నుంచి వచ్చిన ఒకాయన. నలభై అయిదేళ్లు ఉంటాయేమో, చూడటానికి అరవై ఉన్నట్టుండేవాడు. నేను అన్నా అనేదాన్ని. ఆయన మేడమ్ అని మొదలుపెట్టి, నెల తిరక్కుండా బిడ్డా అనే దాకా వచ్చాడు.

ఒక మధ్యాహ్నం సద్ది తిని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "గంతసేపు ఏం జూస్తున్నవ్ బిడ్డా? రాయి రాయే గద."

"ఒక రాయి కాదన్నా, మూడు నాలుగు కలిసి ఉండాయి" అని, అప్పుడే పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూపించాను.

ఒక కోణంలో గులాబీ రంగు పలక అద్దంలా తళుక్కుమంది. అది ఫెల్డ్‌స్పార్, చదునుగా పగులుతుంది. గోటితో గీరితే పొరలుగా ఊడివచ్చిన నల్ల రేకులు కాకిబంగారం. ఆ రెండింటి మధ్య మురికి గాజులా ఉన్నది పలుగురాయి. దానికి చదును లేదు, సీసా పెంకులా ఎటుపడితే అటు పగులుతుంది. నా చాకు ఇచ్చి దాని మీద గీయమన్నాను. రాయి మీద గీత పడలేదు, చాకు ఇనుమే అరిగి బూడిదరంగు చార మిగిలింది. ఆయన వేలితో ఆ చారను తుడిచేసి మళ్లీ గీశాడు.

గోతి గోడకు పైన, రాయి చివికి మట్టిగా మారిన మొరం చూపించాను. అందులో ఫెల్డ్‌స్పార్ ఎండకూ వానకూ సుద్దయిపోయింది, కాకిబంగారం తుప్పు పట్టింది, పలుగు రవ్వలు మాత్రం అట్లే ఉన్నాయి. "దీన్ని నీళ్లు కరిగించలేవు, యాసిడ్ కూడా ఏం చేయలేదన్నా" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను, దాన్ని నేనే తయారు చేసినట్టు.

"గట్లయితే బాగ మొండిది" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది.

ఆ తర్వాత నేను దిగేసరికి ముక్కలు ఏరి సిమెంటు సంచి మీద పెట్టి ఉంచేవాడు. "గీడ పలుగు జాస్తున్నది, జూడు" అనేవాడు. ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

డ్రిల్ చేసేటప్పుడు రంధ్రంలో నీళ్లు పోస్తూ ఉంటే ధూళి లేవదు. ఎండాకాలం ట్యాంకర్లు తగ్గాక నీళ్లు పోయడం మానేశారు. ముఖానికి కట్టుకున్న తువ్వాల, కనుబొమలు, రెప్పలు అన్నీ తెల్లబడి కనిపించేవాడు ఆయన. సైటు ఇంజనీరుతో చెప్పాను. "కాంక్రీటు తడిపే క్యూరింగుకే నీళ్లు చాలట్లేదండీ. మీరు మీ రాయి సంగతి చూసుకోండి" అన్నాడు. ఇంకోసారి చెప్పాను. మూడోసారి చెప్పలేదు. మా కంపెనీకి పనులు ఇచ్చేది వాళ్లే.

దగ్గుకు అప్పటికే బస్తీలో డాక్టరు టీబీ అని మాత్రలు రాసి ఉన్నాడు. నెలల తరబడి మింగినా ఒళ్లు కరుగుతూనే వచ్చింది. ఒకరోజు గోతిలోంచి పైకి వచ్చే ర్యాంపు మీద సగంలో కూర్చుండిపోయి, ఇగ ఎక్కలేనని చెయ్యి ఊపాడు. మర్నాడు నేనే సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆయన భార్య కూడా వచ్చింది.

డాక్టరు ఏం పని అని అడిగారు. ఎన్నేళ్లుగా అని అడిగారు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "ఇది టీబీ ఒక్కటే కాదమ్మా. రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది" అన్నారు.

"మందులకు కరగదా సార్?" అని ఆమె అడిగింది.

డాక్టరు చీటీ రాస్తూ తల ఎత్తలేదు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు రాళ్ల సదువు సదివినవ్ గద బిడ్డా. గది ఏం రాయి? జర జెప్పు, కరగదా?"

ఆయనే చెప్పాడు, నేను నేర్పిన పాఠం అప్పగిస్తున్నట్టు నెమ్మదిగా. "పలుగురాయి. కరగదు."

పరిహారం కోసం ఆయన భార్యా నేనూ తిరిగాం. ఆయన పేరు తమ దగ్గర ఏ రిజిస్టరులోనూ లేదని, మేస్త్రీ తెచ్చిన మనిషని సైటు ఆఫీసులో అన్నారు. మేస్త్రీ ఫోను ఎత్తడం మానేశాడు. ఆయన ఎక్కడ, ఎలాంటి రాయిని, ఎన్ని నెలలు తొలిచాడో నేనొక ఉత్తరం రాశాను. మా మేనేజరు పిలిచి కంపెనీ పేరున్న కాగితం వాడొద్దన్నాడు. తెల్లకాగితం మీద మళ్లీ రాసి సంతకం పెట్టాను. దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఆమె దాన్ని మడిచి రేషన్‌కార్డు కవరులో పెట్టుకుంది.

వానలు మొదలయ్యాక పోయాడు. పడుకుంటే ఊపిరి ఆడక చివరి వారాలన్నీ కిరాయి గదిలో గోడకు ఆనుకొని కూర్చునే ఉన్నాడు. "కూసునే పోయిండు బిడ్డా" అంది ఆమె. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు మదీనాగూడ దగ్గర ఇంకో గోతికి వెళ్తున్నాను. అక్కడ మిషన్ పట్టేవాళ్లకు మాస్కులు కొని ఇచ్చాను. ఆ ఉక్కలో ఊపిరాడటం లేదని రెండో రోజే తీసేశారు. నీళ్ల గురించి సైటు ఆఫీసులో అడిగాను, చూస్తామన్నారు. మిషన్ మొదలవగానే నేను నోట్‌బుక్ తీసుకొని, ధూళి రాని పక్కకు జరిగి నిలబడతాను.