మరీ తెల్లగా ఉన్న ఫిల్టరు

ఎర్రగుంట్లలో కాపురం ఉండేవాళ్లకు గుడ్డలు కట్టడం అలవాటు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడుతుందని నీళ్ల డ్రమ్ముకు గుడ్డ, కూలరుకు గుడ్డ, వంటింటి కిటికీకి గుడ్డ. ఆదివారం వస్తే మా ఆవిడ అవన్నీ విప్పి, ఉతికి, ఆరేసి, సాయంత్రానికి మళ్లీ కడుతుంది. పెళ్లయి కోడుమూరు నుంచి వచ్చిన కొత్తలో ఇదేం ఊరని నవ్విన మనిషి. ఇప్పుడు గుడ్డలు కట్టడంలో ఆమెను మించినవాళ్లు మా వీధిలో లేరు.

నేను సిమెంటు లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తాను. మా కారు పాత డీజిల్ బండి, రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. అది మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ దాని మీద చేయి వేసిన మెకానిక్ ఒక్క భాయే. ఊరంతా ఆయన్ను భాయ్ అనే పిలుస్తుంది. రేకుల షెడ్డు, అరవై దాటిన వయసు. పోయినేడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాడు.

వానలు మొదలైన వారానికి క్లచ్ అరిగిపోతే భాయే మార్చాడు. ఆ తర్వాత పది రోజులకు మా బావమరిది కుటుంబం వచ్చింది. గండికోట చూపిద్దామని అందరం బయలుదేరాం. జమ్మలమడుగు దాటి ఎత్తు మొదలయ్యేసరికి బండి నీరసపడిపోయింది. ఎక్సలేటరు అడుగంటా తొక్కినా ఊపు లేదు. వెనక నల్లటి పొగ. మూడో గేరు, రెండు, చివరికి ఒకటి. మా బావమరిది దిగి పక్కనే నడవడం మొదలుపెట్టి, కాసేపటికి మమ్మల్ని దాటిపోయాడు.

"నేను ముందర పోయి టీ చెప్పింటా బావా, మీరు నిదానంగా రాండి" అన్నాడు.

కారులో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కోపం వస్తే నా నోటికి అదుపుండదు. మరునాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందున్న టీ అంగట్లో కూర్చుని, "భాయ్‌కు ఇంక కండ్లు కనపడవప్పా. క్లచ్ మారుస్తానని బండినే పాడు చేసినాడు" అనేశాను. అక్కడ ఉన్నవాళ్లంతా లారీల వాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు. వాళ్ల బండ్లన్నీ భాయ్ షెడ్డుకే పోతాయి. ఆ సంగతి తెలిసే అన్నానో, తెలియక అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ నెలలోనే మా ఆవిడ పుట్టింటికి పోతూ కర్నూలులో ఒక పెద్ద షెడ్డులో బండి చూపించాను. అక్కడి కుర్రాళ్లు డబ్బా తెరిచి గాలి ఫిల్టరు తీశారు. తెల్లగా ఉంది. "గాలి బాగానే ఆడతాంది సార్. ఇంజన్ బోరుకొచ్చింది, మొత్తం దించాల్సిందే" అన్నారు. అంటే లోపలంతా అరిగిపోయిందని.

"ఇన్నేండ్లు చూసినాయప్పకు చూపియ్యకుండా తిట్టుకుంటా తిరుగుతాండావు. ఒకసారి భాయ్ కాడికి పో" అంది మా ఆవిడ తిరుగు దారిలో.

పోయాను. ఎప్పుడు పోయినా బండి పెట్టడానికి చోటుండని షెడ్డులో ఆ రోజు ఒక్క స్కూటరు ఉంది. భాయ్ స్టూలు మీద కూర్చుని, తుడిచిన పానాలనే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఏమప్పా, శానా దినాలకొస్తివి."

"బండి గుంజడం లేదు భాయ్."

పక్కన కూర్చుని నన్నే నడపమన్నాడు. "క్లచ్ జారితే ఇంజన్ అరుస్తాది, బండి కదలదు. ఈడ ఇంజనే అరవడం లేదు" అన్నాడు. దిగి నాలుగు చక్రాల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. వేడి లేదు, కాబట్టి బ్రేకులు పట్టేయలేదు. ఇంజన్ ఆయిలు మూత విప్పాడు. "బోరుకొచ్చింటే ఈడ పొగ గుప్పుమనాల. లేదే!" ఆఖరున ఫిల్టరు తీసి ఎండకెత్తి, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. నిజంగానే కనపడటం లేదేమో అనుకున్నాను.

"ఇది శివరాత్రికి ముందర నేనేసింది. ఎర్రగుంట్లలో తిరిగే బండికి ఫిల్టరు ఇంత తెల్లగా ఎట్లుంటాది? దుమ్ము రాలేదంటే గాలీ రాలేదని కదప్పా?"

హెడ్‌లైటు వెనక గాలి పీల్చే గొట్టం మూతి ఉంటుంది. అక్కడికి చెయ్యి దూర్చి, తడిమి, ఏదో ఊడబెరికి నా చేతిలో పెట్టాడు. అరచేయంత బూడిదరంగు పెచ్చు. అంచున ఊదారంగు పోగులు కనిపించాయి.

అది నేను కట్టిందే. ఎండాకాలం మొదట్లో, ఆ కొత్త ఫిల్టరు తొందరగా పాడవకూడదని, మా ఆవిడ పాత చీర ముక్క రెండు మడతలు వేసి ఆ మూతికి కట్టాను. కట్టి మరిచిపోయాను. మా ఇంట్లో కట్టిన గుడ్డలన్నీ ఆదివారం వాటంతటవే శుభ్రమవుతాయని ఇన్నేళ్లూ అనుకున్న మనిషిని నేను. దుమ్ము పొడిగా ఉన్నన్నాళ్లు బండి ఎలాగో ఊపిరి తీసింది. వాన తడి తగిలాక సిమెంటు గట్టిపడింది.

"గచ్చు చేసి పెట్టినావు గదప్పా!" అని భాయ్ పగలబడి నవ్వాడు. మళ్లీ నడిపితే బండి ఉరికింది. సంతోషపడాల్సింది. కానీ ఖాళీ షెడ్డు చూస్తే నాకు సిగ్గేసింది.

"బండ్లు రావడం లేదా భాయ్?" అన్నాను.

"నాకు కండ్లు కనపడవంటాండారంట. ఆపరేషన్ అయినంక ముందరికన్నా బాగ కనపడతాండాది. ఎంతమందికని చెప్పేది?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు.

ఇంట్లో ఆ పెచ్చు చూసి మా ఆవిడ, "కట్టినప్పుడే ఒక మాట చెప్పింటే ఉతికిందును గదా" అంది. మరునాడు దాన్ని టీ అంగడికి తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. తప్పు నాదని, భాయ్ కళ్లు దివ్యంగా ఉన్నాయని జరిగిందంతా చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వనిమ్మని అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు పోయాను.

"ఆ మాట అన్నది నేనే భాయ్."

"తెల్సు. అన్న పొద్దే నా చెవిన పడింది."

"తెలిసీ నా బండి ఎందుకు చూస్తివి?"

"బండేం చేసిందప్పా?" అన్నాడు.

ఆ తర్వాత ట్రాక్టర్లు ఒక్కొక్కటే షెడ్డుకు తిరిగొచ్చాయి. నాలుగు లారీలున్న ఒకాయన మాత్రం ఇంకా ప్రొద్దుటూరులోనే పని చేయించుకుంటున్నాడు. ఆయన బండి కాటా మీదికి వచ్చినప్పుడల్లా దాని డ్రైవరుకు ఆ గుడ్డ సంగతి మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాను.