గుసగుసల దొర

ఆ రోజుల్లో నాకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ, దాని మీద నమ్మకం ఎక్కువ. కోరాపుట్ జిల్లాలో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా ఫిట్టరుగా చేరాను. టౌన్‌షిప్ క్లబ్బులోని పాత పత్రికలో ఒక ఇంగ్లీషు నటుడి జీవితకథ కనబడింది. నాటకాల్లోంచి సినిమాల్లోకి వెళ్ళిన దొర. (మొదటి పేజీ ఎవరో చింపుకుపోయారు. నేను చదివింది ఆయన గొప్పవాడైన తరవాతి సంగతే.) ఆయన గొంతు పెంచడట, గుసగుసగా మాట్లాడతాడట, దుఃఖం వస్తే ప్రేక్షకులకు వీపు చూపిస్తాడట. ఆ వీపు చూసి లండన్ జనం ఏడ్చేవారట. నాకూ ఒక వీపుంది కదా అనుకున్నాను.

రాయగడ రైల్వే కాలనీలో మా తెలుగు నాటక సమాజం నాటకం పడింది. చావుబతుకుల్లో ఉన్న తండ్రిని క్షమించమని అడిగే కొడుకు వేషం నాది. ఇది బాగా చేస్తే పార్వతీపురం పోటీల్లో కథానాయకుడివి నువ్వేనని మా దర్శకుడు డ్రామా బాబాయి మాటిచ్చాడు. ఆ ఆశతో నాకు అన్నం సయించేది కాదు. బాబాయి మాత్రం రిహార్సల్లో ఒకటే గోల.

"మైకు కిందకెల్లి గట్టిగా సెప్పరా. ఎనకున్నోడికి ఇనబడాల."

వేదిక మధ్య వేలాడే ఆ ఒక్క మైకు కిందకు అందరూ వెళ్ళి నిలబడడం నాకు నామోషీగా ఉండేది.

ఆ సాయంత్రం తండ్రి మంచం దగ్గర జనానికి వీపు తిప్పి, దొరలాగే గుసగుసలాడాను. కన్నీళ్ళు నిజంగానే వచ్చాయి. వెనక తెర చాటున మా ప్రాంప్టరు మావ (స్టేషన్లో బళ్ళ రాకపోకలు చెప్పే గొంతు ఆయనది) నా మాట వినబడక, మరిచిపోయాననుకుని డైలాగు అందించాడు. నేను మళ్ళీ గుసగుసలాడాను. ఆయన ఇంకాస్త గట్టిగా అందించాడు. నాలుగో మాటకల్లా వేషం మొత్తం ఆయనే వేసేస్తున్నాడు. "నాన్నా, నన్ను క్షమించు" అని తెర ఏడుస్తుంటే ముందు వరసల ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు.

బయటికొస్తుంటే ఒక ముసలమ్మ నన్నే ఆపి అడిగింది.

"తెర ఎనకున్న బాబు ఏడిపించీసేడురా. మంచం కాడ ఉలక్కండా నిలబడ్డోడు ఎవుడు?"

తెలీదన్నాను.

పార్వతీపురం వెళ్ళాను, ప్రాంప్టరుగా. వేషం మావకి ఇచ్చారు. చాలా బాధ వేసింది. తరవాత పన్నెండేళ్ళు ఆ తెర చాటునే ఉండిపోయాను.

రిటైరయ్యాక విశాఖలో పాత పుస్తకాల షాపులో అదే సంచిక దొరికింది, మొదటి పేజీతో సహా. దొర మొదట ప్రాంప్టరుగానే చేరాడట. ఆ పైన ఊరూరా తిరిగి, చివరి వరసకి వినబడేలా అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడట. నవ్వొచ్చింది, కొంచెం దిగులు కూడా. ఇంటికొచ్చి మా ఆవిడకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. వంటింట్లోంచి కేకేసింది.

"ఏటి గొణుగుతన్నారు? గట్టిగా సదవండి, ఇక్కడికి ఇనబడ్లేదు."

గొంతు సవరించుకుని, వంటింటివైపు తిరిగి, మొదటి పేజీ మళ్ళీ మొదటినుంచి చదివాను.