నడిమి వైరు

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఆ కథలు చెప్పేవాళ్లను నోరు మూయించిన దాన్ని. అందుకే ఇది రాయాల్సి రావడం నాకే మంటగా ఉంది.

మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. మా దిక్కు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. నిరుడు వానాకాలంలో బాపుకు గుండెనొప్పి వస్తే మా పాత కారులో జగిత్యాలకు బయలుదేరాం. సగం దారిలో వాన దంచింది, ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి బాపు లేడు. ప్లగ్ వైర్ల రబ్బరు పగిలింది, తడికి కరెంటు బయటికి పోతుంది, మార్చుకోమని మెకానిక్ లింగన్న నెల ముందే చెప్పాడు. నాట్లు అయ్యాక చూద్దామని వాయిదా వేసింది నేనే.

ఈ ఏడు పట్టుబట్టాను. చవక వైర్లు అంటగట్టబోయిన షాపతన్ని కసిరి, సిలికాన్ తొడుగున్న సెట్టు, పొడవు సరిచూసి మరీ తెచ్చాను. నాలుగు ప్లగ్గులకు నాలుగు, కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే నడిమి వైరు ఒకటి. ఆ నడిమిది లేకపోతే ఏ ప్లగ్గుకూ నిప్పురవ్వ రాదు.

పొద్దున పదింటికి లింగన్న షెడ్డుకు వెళ్లాను. అటు నుంచి అటే కరీంనగర్‌లో అక్క ఇంట్లో దింపుదామని అవ్వను కూడా తీసుకెళ్లాను. వైర్లు ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే పెట్టమని లింగన్నకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. టీ తాగి వచ్చేసరికి అన్నీ పీకి కూర్చున్నాడు.

"ఏది ఏడిదో ఎట్ల యాదికుంటదన్నా? చెప్తే ఇనవా?"

"ముప్పయ్యేండ్ల సంది జేస్తున్న. నాకు నేర్పకు చెల్లె."

నాలుగూ పెట్టాడు. అంతలో బెంచీ మీదున్న అవ్వ ఛాతీ పట్టుకుని వంగిపోయింది. ఒళ్లంతా చెమటలు. నేను బానెట్ దబాలున వేసి, అవ్వను ఎక్కించి, తాళం తిప్పాను. వెంటనే స్టార్టయింది. లింగన్న వెనక నుంచి ఏదో అరుస్తున్నాడు. వాడి మీద కోపంతో తిరిగి కూడా చూడలేదు.

జగిత్యాల దాకా వానే. కారు ఒక్కసారి కూడా దగ్గలేదు. సమయానికి తెచ్చారని డాక్టర్ అన్నాడు.

అప్పుడు లింగన్న ఫోన్ చేశాడు. "చెల్లె, కొత్త నడిమి వైరు నా చేతులనే ఉన్నది. పాతది బల్ల మీదున్నది. బండి ఎట్ల పోయింది?"

వేళాకోళమనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆసుపత్రి ఆవరణలోకి వచ్చి బానెట్ ఎత్తాను. ఆ వైరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. తాళం పదిసార్లు తిప్పాను, ఇంజన్ తిరిగిందే కానీ అందుకోలేదు. లింగన్న మోటారు సైకిల్ మీద తడుస్తూ వచ్చి వైరు పెట్టాకే స్టార్టయింది.

ఇంటికొచ్చాక ఆ వైరు తీసి ఎన్నిసార్లు తాళం తిప్పి చూశానో లెక్క లేదు. ఒక్కసారీ స్టార్ట్ కాలేదు. వేరే మెకానిక్‌లను అడిగితే నవ్వారు. ఎలా నడిచిందో నేనూ చెప్పలేను.

అవ్వ ఇప్పుడు బాగానే ఉంది. "మీ బాపే తోలిండు బిడ్డా" అని రోజూ కారుకు దండం పెడుతుంది. నాకు మాత్రం చేతులు లేవవు, ఒళ్లు మండుతుంది. నడిపింది బాపే అయితే, నిరుడు ఇదే కారులో, అయిదు వైర్లూ ఉండగా, బాపును ఆసుపత్రికి తీసుకుపోయేందుకు ఒక్కరూ రాలేదేం?