బతికున్న మనిషి పేరు

పోయినవాళ్ళ పేరే పిల్లలకు పెట్టాలి, బతికున్నవాళ్ళది పెడితే వాళ్ళ ఆయుష్షు తరుగుతుంది. పోలండ్ యూదుల ఇళ్ళలో ఇది గట్టి పట్టింపు. బ్రైనా ఏ పొరపాటూ చేయలేదు. యుద్ధం తర్వాత చేరిన హైఫా రేవుపట్నంలో పుట్టిన కూతురికి అక్క ఫ్రూమా పేరు పెట్టుకుని, ఏడేళ్ళుగా నోరారా పిలుచుకుంటోంది.

ఇప్పుడు ఆ అక్కే ఓడెక్కి వస్తోందట. బంధువులెవరైనా మిగిలారేమోనని ఓడల్లో వస్తున్నవాళ్ళ పేర్లు రేడియోలో చదువుతుంటే కింది వాటా పేసియా విని, సగం తోమిన చేప చేతిలో ఉండగానే మెట్లెక్కి వచ్చి చెప్పింది.

ఎగిరి గంతేయాల్సిన బ్రైనా కూతురి వైపు చూసి ముఖం దాచుకుంది. యుద్ధం చివర్లో జర్మన్ సైనికులు ఖైదీలను మంచులో నడిపించుకుపోతుంటే అక్క జ్వరంతో కూలబడింది. ఆగినవాళ్ళకు తూటాయే. బ్రైనా ఆగలేదు. పన్నెండేళ్ళుగా కడుపు నిండా తిన్నా, కంటినిండా నిద్రపోయినా ఆమెకు సిగ్గే. వదిలేసి రావడం చాలక, బతికున్నదాన్ని చచ్చినవాళ్ళలో కలిపేసింది. ఇక ఏ మొహం పెట్టుకుని ఎదురెళ్ళాలి?

"పిల్ల పేరు మార్చెయ్యవే. హయా అను. హయా అంటే బతుకేగా, ఏ దోషమూ తగలదు," అంది పేసియా.

రేవులో దిగిన ఫ్రూమా జుట్టంతా నెరిసిపోయింది. ఆమె చెల్లెల్ని తేరిపార చూసింది. తర్వాత పిల్ల వైపు వంగింది.

"నీ పేరేంటమ్మా?"

"ఫ్రూమా. ఇవాళ మాత్రం హయా అని చెప్పమంది అమ్మ."

బ్రైనా తల దించుకుంది. "నువ్వు పోయావనుకున్నానక్కా. నిన్ను మంచులో వదిలేసి నా దారిన నేను పోయాను. తిట్టు, పడతాను."

"నేను చచ్చాననుకుని సైనికులూ వదిలేశారులే," అంది ఫ్రూమా. "నడిచినవాళ్ళందర్నీ అడవిలో కాల్చేశారని విన్నానే. ఆగబోతుంటే 'పో, నడువు' అని నిన్ను తోసింది నేనేగా. చేజేతులా చావుకి పంపానని ఇన్నేళ్ళూ ఏడుస్తూనే ఉన్నాను."

అక్క తోసిన సంగతి బ్రైనాకు గుర్తే లేదు. గుండెల మీంచి బండ దిగినట్టయి, అక్క భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది. ఫ్రూమా కళ్ళు తుడుచుకుని ఓడ మెట్ల వైపు తిరిగింది.

"బ్రైనా, ఎక్కడున్నావే? ఇలా రా."

"ఇక్కడే ఉన్నాను కదక్కా."

"నిన్ను కాదే," అని నవ్వింది ఫ్రూమా. "నా కూతుర్ని."