కోళ్లకేం పెట్టినారు?

మా వీధి దేవప్ప ఎవరు ఎదురైనా "బాగున్నారా" అనడు. "కోళ్లకేం పెట్టినారు?" అంటాడు. పెళ్లి పందిట్లో అడుగుతాడు, రేషన్ షాపు వరుసలో అడుగుతాడు. ఒకసారి పన్ను పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని కూడా డాక్టరమ్మను అదే అడిగాడు. పాపం, ఆమెకు కోళ్లే లేవు. నిజానికి దేవప్పకూ లేవు. సొంతానికి ఒక్క కోడిపిల్ల కూడా లేదు.

హిందూపురం డిపోలో బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక, పెనుకొండలో మా పక్కింట్లో ఒంటరిగా ఉంటున్నాడు. మా రెండిళ్ల వెనక ఒంటిగదిలో సిద్దమ్మవ్వ, ఆమె ఏడు కోళ్లు. వీధిలో ఇళ్లల్లో మిగిలిన తిండంతా ఆ కోళ్లకే. కాబట్టి వీధి మొత్తం దేవప్ప విచారణకు లోబడాల్సిందే. ఇంజను చప్పుడు విన్నట్టే కోడి పొట్టకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు.

పొద్దున నేను వాకిలి చిమ్ముతుంటే గోడ మీద దేవప్ప తల కనిపించేది.

"ఏం పాపా హేమలతా, కోళ్లకేం పెట్టినావు?"

"రాత్రి మిగిలిన అన్నం మామా."

"ఊరగాయ కలిసిందా?"

"కొంచెం..."

"ఉప్పు! మనకి రుచి, దానికి చావు! ఇంకేం వండింటివి?"

"వంకాయ పులుసు."

"ఎంత వండింటివి? అందరూ తినిరా?"

కోడికి ఇంత సమాచారం ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

చాక్లెట్ నిషేధం. పచ్చబడ్డ ఆలుగడ్డ తొక్కు నిషేధం. నానబెట్టి ఉడికించని చిక్కుడు గింజలు నిషేధం. మునగాకు, గుమ్మడి గింజలు, పుచ్చకాయ చెక్కు పెడితే మాత్రం మెచ్చుకునేవాడు. ఒకసారి హిందూపురంలో పట్టు తీసేవాళ్ల దగ్గర కోళ్ల కోసం పట్టుపురుగులు అడిగి, టిఫిన్ క్యారియర్‌లో బస్సెక్కించాడు. సోమందేపల్లి చేరకముందే వాసనకు సగం బస్సు కిటికీల్లోంచి తల బయటపెట్టింది.

"ఏమప్పా, ఏముండాది దాంట్లో?" అని కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"మిఠాయి," అన్నాడు దేవప్ప. "నీకు కాదులే."

పోయిన అక్టోబరులో నాలుగు రోజులు విడవకుండా వాన పట్టింది. అప్పుడే మా మరిది సురేష్ బెంగళూరు నుంచి బటర్ ఫ్రూట్లు, అదే అవకాడోలు, తెచ్చాడు. జ్యూస్ చేసి, తొక్కలు గోడవతల పారేశాను. మరుసటి రోజు పొద్దున్నే సిద్దమ్మవ్వ కేక వినిపించింది. వెళ్లి చూస్తే ఒక కోడి చచ్చి పడి ఉంది. ఇంకో మూడు కోళ్లు రెక్కలు వాల్చి తూగుతున్నాయి. తురాయిలు నల్లబడ్డాయి.

బటర్ ఫ్రూటు కోళ్లకు విషమని దేవప్ప వందసార్లు చెప్పాడు. ఆ అవ్వకు ఉన్న ఆధారమే ఆ ఏడు కోళ్లు. చెప్పకుండా లోపలికి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. పోలేకపోయాను. ఈలోగా దేవప్ప లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మామా, నేనే... బటర్ ఫ్రూటు తొక్కలు..."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎన్ని పండ్లు?" అన్నాడు.

"నాలుగు. నిలువునా రెండేసి చెక్కలు కోసింటి."

అంతే, ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఏడు దొరికాయి. ఎనిమిదోది దొరకలేదు. చివరికి అది గోడ పక్క రాతి సందులో, చీమలు పట్టి కనిపించింది. ఒక్కదాని మీదా ముక్కు గాటు లేదు.

"నువ్వు కాదులే పాపా, ఏడవొద్దు," అని అవ్వ వైపు తిరిగాడు. "సిద్దమ్మా, కోళ్లకేం పెట్టింటివి?"

"ఏముండాదప్పా, చెనక్కాయ విత్తనాలు ఏస్తి." లోపలి నుంచి మూట తెచ్చింది. వానకు నాని, వేరుశనగ విత్తనాల మీద పచ్చటి బూజు పట్టింది. "నాలుగు దినాలుగా ఇవే. బాగుండేటివి ఏరుకోని నేను తింటి. మిగిల్నివి వాటికేస్తి."

"నువ్వు తింటివా? సంకటి చేసుకోలేదా?"

"కట్టెలన్నీ తడిసిపాయ గదప్పా."

దేవప్ప గదిలోకి తొంగి, చల్లారిన పొయ్యిని చూసి, డాక్టరును పిలవడానికి పరుగెత్తాడు.

పశువుల డాక్టరు కుమారస్వామి వచ్చి విత్తనాలు చూడగానే మూట లాక్కున్నాడు. "ఇది బూజు విషం. కాలేయం దెబ్బతింటుంది. పైకి బాగున్న విత్తనాల్లోనూ ఉంటుంది," అంటూ కోళ్లకు మందు వేశాడు. మెత్తటి రాగి సంకటి, ఆకుకూర పెట్టమన్నాడు.

"ఈ ఇంటామెకి కూడా రక్తపరీక్ష చేయించాలంటిరి గదా సార్?" అన్నాడు దేవప్ప.

"నేనా?" అన్నాడు డాక్టరు. దేవప్ప ఆయన కాలు తొక్కాడు. "ఆ... అవును, చేయించాలి."

"సంకటి ముందు ఇంటామే తిని చూడాలంటిరి గదా? ఉప్పు ఎక్కువైతే కోళ్లకి మంచిది కాదని."

డాక్టరుకు సంగతి అర్థమైంది. "కడుపు నిండా తిని చూడాలవ్వా. ఒక ముద్దతో ఉప్పు తెలియదు," అన్నాడు గంభీరంగా.

ఇంకే కోడీ పోలేదు. పది రోజుల్లో ముసిరిన మబ్బు విడిచినట్టు అవి లేచి తిరిగాయి. ఆసుపత్రిలో అవ్వకూ భయం లేదన్నారు. దేవప్ప మాత్రం రోజూ సంకటి కెలుకుతూనే ఉన్నాడు. ఒకరోజు తాలింపు ఘుమఘుమకు గోడ మీంచి తొంగి చూశాను.

"కోళ్లకి పప్పులో వెల్లుల్లి తాలింపెందుకు మామా?"

గరిటె పక్కన పెట్టి నవ్వాడు. "తింటివా అని అడుగు పాపా, పస్తుండే మనిషి గూడా తింటి అంటాది. కోళ్లకేం పెట్టినావంటే మాత్రం ఎవురూ అబద్ధం చెప్పరు. పొయ్యి ముట్టించకుంటే మెతుకులు యాడ నుంచి వస్తాయి?"

ఇన్నేళ్ల విచారణ ఒక్కసారిగా అర్థమైంది. "అయితే ఉప్పు, చాక్లెట్టు, అవన్నీ ఉత్త సాకేనా?"

"ఉత్తదా?" కళ్లెర్రజేశాడు. "ఇంకోసారి బటర్ ఫ్రూటు తొక్క పారెయ్, అప్పుడు చెప్తా!"

మొన్న సిద్దమ్మవ్వ గిన్నె కడుగుతూ నన్ను దగ్గరికి పిలిచింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నా కోళ్లు బాగై నెల దాటె. అయినా ఆయప్ప దినామూ ఇంత సంకటి తెస్తాండాడు. వద్దంటే ఇంటికి పోయి ఒక్కడే కూచోని తినాల గదా, పాపం. అందుకే ఉప్పు తెలీలేదు, నువ్వూ రుచి చూడప్పా అని పక్కన కూచోబెట్టుకుంటాండా. నేను కావాలనే చేస్తాండానని ఆయప్పకి చెప్పొద్దు పాపా, నొచ్చుకుంటాడు."

చెప్పనని మాటిచ్చాను.